వద్దన్న అమ్మాయికి తొడిగిన చెప్పులు

హైహీల్స్ విషయంలో నేను రెండు తప్పులు చేశాను. ఇష్టపడి వేసుకున్న ఒకమ్మాయిని నలుగురిలో తప్పుపట్టాను. వద్దు మొర్రో అన్న ఇంకో అమ్మాయి చేత వేయించాను. ఈ రెండింటికీ మధ్య చాలా ఏళ్లు గడిచాయి. మొదటి తప్పు చేసేనాటికి స్త్రీవాదం నాకు బాగా తెలుసని ధీమాగా ఉన్నాను. రెండోది చేసే వేళకి పని హడావిడిలో దాన్ని పూర్తిగా మర్చిపోయాను. సినిమాల్లో కాస్ట్యూమ్స్ పని చేస్తూనే నా జుట్టు నెరిసింది. ఫిల్మ్‌నగర్ ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ఈ పనిలోకి కొత్తగా వస్తున్న ఆడపిల్లలు, మీ అనుభవంలోంచి ఏదైనా చెప్పండి మేడమ్ అని అడుగుతుంటారు. మొదట చెప్పాల్సింది ఇదే.

మేం చదువుకునే రోజుల్లో తెలుగులో స్త్రీవాదం మంచి వేడి మీద ఉంది. ఓల్గా కథలు, పైట మీద జయప్రభ రాసిన కవిత హాస్టల్ గదుల్లో చేతులు మారేవి. 1993లో ‘నీలిమేఘాలు’ వచ్చినప్పుడు ఒకే కాపీని గదులన్నీ తిప్పి చదువుకున్నాం. ఒంటి మీది బట్ట వెనకాల కూడా పెత్తనం ఉంటుందని, అది ఎవరి కోసమో అడగాలని ఆ పుస్తకాలే నేర్పాయి. 1968 సెప్టెంబరులో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో మిస్ అమెరికా పోటీ జరుగుతుంటే బయట స్త్రీలు ఒక చెత్తడబ్బా పెట్టి అందులో బ్రాలు, నడుం బిగించే పట్టీలు, నేల తుడిచే గుడ్డలు, వాటితోపాటు హైహీల్స్ కూడా పడేశారని చదివాను. నాకది చాలా నచ్చింది. ఆనాటి నుంచి ఎత్తు మడమల చెప్పులంటే నా లెక్కలో ఒకటే. మగవాడి కంటి కోసం ఆడది పడే నొప్పి. ఈ మాటలో నిజం లేదని ఇప్పటికీ అనను. కానీ ఆ మాటని నేను వాడిన తీరు తప్పు.

హైదరాబాద్ వచ్చి ఒక సినిమాకి కాస్ట్యూమ్స్‌లో అసిస్టెంటుగా చేరాను. అదే సినిమాకి డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో ఒకమ్మాయి ఉండేది. అప్పట్లో ఆ డిపార్ట్‌మెంట్‌లో ఆడపిల్ల కనిపించడమే అరుదు. మనిషి పొట్టి, గొంతు సన్నం. రోజూ మూడంగుళాల మడమల చెప్పులేసుకుని ఆఫీసు మెట్లు టకటకా ఎక్కేది. ఒకరోజు ఫిల్మ్‌నగర్‌లో టీ బండి దగ్గర అందరం నిలబడి ఉండగా నేను మొదలుపెట్టాను. ఇంత చదువుకున్నావు, దర్శకురాలివి కావాలనుకుంటున్నావు, ఎవరి మెప్పు కోసం ఈ నరకం అన్నాను. పక్కనున్న మగవాళ్లు నవ్వారు. వాళ్లు నవ్వడం నాకు మద్దతు అనుకున్నాను. ఆ అమ్మాయి గ్లాసు బండి మీద పెట్టేసి వెళ్లిపోయింది.

మర్నాడు తనే వచ్చి నా పక్కన కూర్చుంది. “అక్కా, మా అమ్మమ్మ దొర గడి ముందటికెల్లి పోయేటప్పుడు చెప్పులు చేతిల పట్టుకొని పోయేది. దొర కిర్రుచెప్పులు తొడుక్కొని వస్తుంటే చప్పుడు వినంగనే వాడకట్టంత లేచి నిలబడేది. నేను ఈ మెట్లెక్కుతుంటే నా చెప్పుల చప్పుడు అందరికి వినబడాలె. నొస్తయి, నాకు తెల్వదా? అయినా వేసుకుంట. ఎవరి కోసమని నన్ను అడిగినవు గని జవాబు కూడ నువ్వే చెప్పినవు” అంది.

నా దగ్గర బదులు లేదు. మా ఊళ్లో చెప్పులు గుమ్మం దగ్గర విడవడం తెలుసు నాకు. వీధి మొదట్లోనే విడిచి చేత పట్టుకోవాల్సిన మనుషులు మా వీధిలోంచే నడిచారు, అది చూస్తూ పెరిగి కూడా నేను చూడలేదు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ చదివాక గానీ, మేం స్త్రీ అన్నప్పుడల్లా మాలాంటి స్త్రీనే తలుచుకున్నామని అర్థం కాలేదు. ఒకే చెప్పు ఒకరికి మెప్పు కోసం పడే తిప్పలు కావచ్చు, ఇంకొకరికి మూడు తరాలు చేత మోసిన చెప్పుని కాలికి తొడుక్కోవడం కావచ్చు. అది తెలుసుకోవాలంటే ఆ మనిషిని అడగాలి. అడిగి జవాబు వచ్చేదాకా ఆగాలి.

అసలు ఎత్తు మడమ ఆడవాళ్లదే అన్నది కూడా తప్పే. గుర్రం మీద నిలబడి బాణం వేయడానికి, కాలు రికాబులోంచి జారకుండా ఉండడానికి పర్షియా రౌతులు మడమల జోళ్లు వాడారు. అక్కడి నుంచి అవి యూరప్ దర్బారులకు చేరాయి. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ ఎర్ర మడమల జోళ్లతో చిత్తరువులకు నిలబడ్డాడు. హోదాగా ఉన్నంతకాలం వాటిని మగవాళ్లు తొడుక్కున్నారు. తర్వాత వాళ్లు వాటిని వదిలేశారు, ఆడవాళ్లకి మిగిలాయి. ఇప్పుడు మనం చూసే పెన్సిల్ హీల్ 1950లలో, లోపల సన్నని లోహపు కడ్డీ పెట్టడం కుదిరాక వచ్చింది.

మన దగ్గర కూడా ఒక పాత సాక్ష్యం ఉంది. ములుగు జిల్లా పాలంపేటలో, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి వెళ్తే, కప్పు కింద నల్లరాతి మదనికల్లో ఒకామె కాళ్లకి ఎత్తు మడమల పాదరక్షలు ఉంటాయి. గైడు ఎవరైనా సరే అక్కడ ఆగి, చూడండి, కాకతీయుల కాలంలోనే హైహీల్స్ అని చూపిస్తాడు. 2025 మే నెలలో హైదరాబాద్‌లో మిస్ వరల్డ్ పోటీలు జరిగినప్పుడు పోటీదారులను ఆ గుడికే తీసుకెళ్లారు. గుడిలోకి వెళ్లే ముందు కాళ్లు కడిగే చోట స్థానిక స్త్రీల చేత వాళ్ల కాళ్లకి నీళ్లు పోయించి తుడిపించిన వీడియో బయటికొచ్చింది, పెద్ద గొడవైంది. తెలంగాణ ఆత్మగౌరవం ఏమైందని ఒకరు, అతిథి మర్యాద అని ఇంకొకరు. ఆ వాదనలన్నీ చూశాను. తువ్వాలు పట్టుకున్న ఆ స్త్రీలకి ఈ పని ఇష్టమేనా అని ముందుగా ఎవరైనా అడిగారా అన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న. కుర్చీల్లో కూర్చున్న అమ్మాయిలను మాత్రం ఎవరడిగారు? అలా ఆలోచించడం నాకు పుట్టుకతో రాలేదు. నా రెండో తప్పు నేర్పింది.

అప్పటికి నేను సొంతంగా సినిమాలకి కాస్ట్యూమ్స్ చేస్తున్నాను. ఒక స్టూడియో ఫ్లోర్‌లో పబ్ సెట్ వేసి పాట తీస్తున్నారు. హీరోయిన్ వెనక గ్రూప్ డాన్సర్లు, అందరికీ వెండి రంగు పెన్సిల్ హీల్స్ ఉండాలని డాన్స్ మాస్టరు అడిగారు. హీరోయిన్ చెప్పులు ఆమె కాలి కొలత తీసుకుని తెప్పించాం, లోపల మెత్తలు వేయించాం, అదే మోడల్‌లో ఇంకో జత సిద్ధంగా ఉంచాం. డాన్సర్లవి బేగంబజార్ నుంచి హోల్‌సేల్‌గా సంచుల్లో వచ్చాయి. ఎవరి కొలతా తీసుకోలేదు. ఆరు, ఏడు సైజులు తెప్పిస్తే అందరికీ ఏదో ఒకటి పడుతుందన్నది మా లెక్క. పెద్దవైతే ముందు దూది కుక్కుతాం. చిన్నవైతే కాలు కుక్కుకుంటారు. ఈ పద్ధతిని ఎవరూ కనిపెట్టలేదు. నాకు ముందువాళ్లు చేశారు, నేను చేశాను.

సెట్ నేల అద్దంలా మెరవాలని షాట్‌కీ షాట్‌కీ మధ్య తుడుస్తున్నారు. మధ్యాహ్నం ఒకమ్మాయి నా దగ్గరికొచ్చింది. “అక్కా, నాది ఏడు, ఇది ఆరు. పొద్దున్నించి వేళ్లు తిమ్మిరెక్కాయి. మెట్ల మీద తిరగడానికి భయంగా ఉంది, ఇంకోటి ఉంటే ఇవ్వక్కా” అంది. వెండి రంగులో ఏడో నంబరు జత మిగల్లేదు. నలుపువి ఉన్నాయి. పొద్దుటి షాట్‌లో ఆ అమ్మాయి ముందు వరసలో ఉంది కాబట్టి కంటిన్యుటీ పోతుంది. లైట్లు సర్దేశారు, షాట్ రెడీ అని అరుస్తున్నారు. నేను ఆ అమ్మాయి భుజం తట్టి, “ఒక్క షాట్ అమ్మా, సర్దుకో, తర్వాత చూద్దాం” అన్నాను.

రెండో మెట్టు దగ్గర తిరగాలి. తిరిగింది. చీలమండ లోపలికి మడతపడి పక్కకి కూలిపోయింది. పాట ఆగింది. ఐస్ తెచ్చారు, కారులో ఎక్కించి పంపారు. ఆ ఖాళీలోకి ఇంకో అమ్మాయిని జరిపి షాట్ తీసేశారు. ఆ షాట్‌లో డాన్సర్లు నడుము పైకే కనిపిస్తారు. నలుపు చెప్పులిచ్చినా, రబ్బరు చెప్పులిచ్చినా, చెప్పుల్లేకుండా నిలబడమన్నా తెలిసేది కాదు. కెమెరా అసిస్టెంటుని ఫ్రేమ్‌లో కాళ్లున్నాయా అని ఒక్క మాట అడగాల్సింది. మా పనిలో రోజంతా అడిగే మాటే అది. హీరో కన్నా హీరోయిన్ పొడుగైతే చదును చెప్పులిస్తాం, పొట్టిదైతే యాపిల్ బాక్స్ అనే చెక్కపెట్టె ఎక్కిస్తాం, క్లోజ్ అయితే హీల్స్ విప్పించి స్లిప్పర్లిస్తాం. ఇదంతా హీరోయిన్ కోసం తడుముకోకుండా చేసే నేను ఆ అమ్మాయి విషయంలో ఆలోచించలేదు. తను హీరోయిన్ వెనక నిలబడే మనిషి కాబట్టి ఆలోచించలేదు. ఇంకో కారణం వెతికినా నాకు దొరకలేదు.

రెండు రోజులకి కృష్ణానగర్‌లో ఆమె గది వెతుక్కుంటూ వెళ్లాను. నలుగురమ్మాయిలు ఉంటున్న గది. కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని కూర్చుంది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. “ఆ పాట అయిపోయిందా అక్కా? వచ్చే వారం ఇంకో పాట ఉంది, మాస్టరుకి నా కాలు సంగతి చెప్పకండి, తీసేస్తారు” అంది. లిగమెంటు తెగింది, నెలన్నర కదలకూడదన్నారు డాక్టరు. రోజు లెక్కన డబ్బొచ్చే మనిషికి నెలన్నర అంటే అద్దె, ఇంటికి పంపాల్సిన డబ్బు, చేతికందిన తర్వాతి పాట. నేను కొంత డబ్బు ఇచ్చాను. దానితో సరిపోయిందని ఎప్పుడూ అనుకోలేదు.

ఎందుకలా జరుగుతుందో ఆ తర్వాత ఒక ఎముకల డాక్టరుని అడిగి తెలుసుకున్నాను. మడమ పైకి లేచి పాదం కిందికి వంగినప్పుడు చీలమండ ఎముకలో సన్నని భాగం కీలు గూట్లోకి వస్తుంది, అందువల్ల కీలు వదులవుతుంది. అదే సమయంలో ఒంటి బరువంతా వేళ్ల మొదళ్ల మీదికి జారుతుంది. నేల మీద ఆనేది పెన్సిల్ మొన అంత. దాని మీద నిలబడి తిరిగితే బయటివైపు లిగమెంటు తెగడానికి ఎక్కువసేపు పట్టదు. ఏళ్ల తరబడి రోజూ వేసుకునేవాళ్లలో పిక్క కండరాల పోగులు కురచబడి, మడమ వెనక స్నాయువు మందంగా, బిగుతుగా మారుతుందని 2010లో ఒక పరిశోధన చూపింది. అందుకే కొందరికి హీల్స్ విప్పి చదును నేల మీద నడిస్తేనే నొప్పి. ఇవన్నీ తెలుసుకోవాల్సింది చెప్పులు తొడిగించే ఉద్యోగం మొదలుపెట్టిన రోజున.

నా రెండు తప్పుల్లోనూ చెప్పు గురించి నాకో అభిప్రాయం ఉంది, మనిషి మాట మాత్రం లేదు. హీల్స్ బానిసత్వం అని ఒక వర్గం, నా ఇష్టం నా స్వేచ్ఛ అని ఇంకో వర్గం ఏళ్లుగా వాదించుకుంటున్నాయి. ఈ రెండో మాటకి కూడా నేను పూర్తిగా తలూపలేను. ఇష్టం అనాలంటే కాదనడానికి చోటుండాలి. జూబ్లీహిల్స్ రోడ్డు నంబర్ 36లో సాయంత్రం నడిచి చూడండి. పబ్బుల తలుపుల దగ్గర, నగల దుకాణాల మెట్ల మీద ఆడపిల్లలు మడమల చెప్పులతో గంటల కొద్దీ నిలబడి స్వాగతం చెబుతుంటారు. వాళ్లలో ఎందరికి ఇష్టమో, ఎందరికి జీతంలో భాగమో బయట నుంచి చూసి చెప్పలేం. రేపు చదును చెప్పులతో వస్తే ఉద్యోగం ఉంటుందా అని అడిగితే తెలుస్తుంది.

ఆ ప్రశ్న అడిగిన స్త్రీలు లోకంలో చాలామందే ఉన్నారు. లండన్‌లో నికోలా థార్ప్ అనే ఆమె 2015 డిసెంబరులో రిసెప్షన్ పనికి చదును చెప్పులతో వెళ్తే జీతం లేకుండా ఇంటికి పంపేశారు. ఆమె పెట్టిన వినతిపత్రం మీద లక్షన్నర మందికి పైగా సంతకాలు చేశారు, పార్లమెంటు కమిటీ విచారించి 2017 జనవరిలో నివేదిక ఇచ్చింది. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం అదే ఏడాది, ఉద్యోగినులను హైహీల్స్ వేసుకోమని బలవంతం చేయకూడదని ఆదేశించింది. జపాన్‌లో 2019లో ఇలాంటి ఉద్యమం మొదలుపెట్టిన యుమి ఇషికావా నటి. ఆ సంవత్సరమే అక్కడి కార్మిక మంత్రి, సమాజం అంగీకరించిన మేరకు హీల్స్ అవసరమేనన్నట్టు మాట్లాడి విమర్శల పాలయ్యాడు. సినిమావాళ్ల సంగతికొస్తే, 2015లో కాన్ చిత్రోత్సవంలో చదును చెప్పులేసుకున్న కొందరు స్త్రీలను లోపలికి రానివ్వలేదని వార్తలొచ్చాయి. మరుసటి ఏడాది జూలియా రాబర్ట్స్ అదే ఎర్ర తివాచీ మీద వట్టి కాళ్లతో నడిచింది. 2018లో క్రిస్టెన్ స్టువర్ట్ అక్కడే హీల్స్ విప్పి చేత్తో పట్టుకుని మెట్లెక్కింది. పెద్ద తార కాబట్టి విప్పగలిగింది. వెనక వరసలో డాన్సరు విప్పగలదా అన్నది నా దిగులు.

నాకు వీటన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది కేరళలో జరిగింది. కోళికోడ్ బట్టల దుకాణాల్లో పనిచేసే స్త్రీలు, విజి అనే దర్జీ ముందుండి నడిపిన ‘పెణ్‌కూట్టు’లో కూడి, మరుగుదొడ్డి కోసం, కూర్చునే హక్కు కోసం ఏళ్లు పోరాడారు. 2018లో కేరళ చట్టం మార్చింది. 2021లో తమిళనాడు కూడా దుకాణాల్లో పనివాళ్లకి కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. అదే కేరళలో మలయాళ సినిమా మీద జస్టిస్ హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో బయటికొచ్చింది. లైంగిక వేధింపులతోపాటు సెట్లలో మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు లేకపోవడం గురించి కూడా అందులో ఉంది. ఆ నెలలోనే నటి సమంత, తెలుగు పరిశ్రమ మీద తెలంగాణ ప్రభుత్వానికి సబ్‌కమిటీ ఇచ్చిన నివేదికను బయటపెట్టమని కోరింది. అవి పెద్ద విషయాలు, చెప్పులు చిన్న విషయం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చెప్పు బిగువుగా ఉందని అనడానికే భయపడే చోట అంతకన్నా పెద్ద బాధని ఏ అమ్మాయి నోరు తెరిచి చెబుతుంది?

కింద పడ్డ ఆ అమ్మాయి తర్వాత నా పని పద్ధతి మార్చుకున్నాను. పాటకి డాన్సర్ల పేర్లు రాగానే కాలి కొలతలు అడుగుతాను. పెన్సిల్ హీల్ అడిగితే ముందు వెడల్పు మడమ చూపిస్తాను, తెర మీద తేడా తెలిసేది చాలా తక్కువ సార్లు. రిహార్సల్స్ చదును చెప్పులతోనే. ఫుల్ షాట్ కాకపోతే హీల్స్ విప్పమని నేనే కేకేసి చెబుతాను. ప్రతి జతనీ సెట్ నేల మీదే నడిపించి చూస్తాను. ఖర్చు పెరుగుతుందని ప్రొడక్షన్ మేనేజర్లు గొణుగుతారు. పెరిగేది కొన్ని జతల చెప్పుల ఖర్చు. ఒక మనిషి కాలు ముందు అది ఖర్చు కాదు.

అన్నీ సుఖం వైపే తేలవు. ఈమధ్య ఒక సినిమాలో న్యాయవాది పాత్ర వేస్తున్న నటికి, మిడ్ షాట్లే కదా, స్లిప్పర్లు వేసుకోండి అన్నాను. వద్దండీ, హీల్స్ మీదుంటే నా వెన్ను వేరేగా నిలబడుతుంది, ఆ పాత్ర నడక అందులోనే ఉంది అన్నది. నేను వెంటనే హీల్స్ అందించాను. నొప్పి ఆమెది, లెక్క కూడా ఆమెదే. కుర్చీ మాత్రం పక్కనే వేయించాను, షాట్‌కీ షాట్‌కీ మధ్య కూర్చుంది.

డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లోని ఆ మొదటి అమ్మాయికి చాలా ఏళ్ల తర్వాత క్షమాపణ చెప్పాను. ఇప్పుడు ఆమె ఎక్కువగా కాన్వాస్ బూట్లలో తిరుగుతోంది. ఎందుకు మార్చావని నేను అడగలేదు.

మా పనిలో ఉన్నవాళ్లందరినీ, యూనియన్లని, నిర్మాతలని అడుగుతున్నాను. కాల్‌షీట్ చెప్పేటప్పుడే గ్రూప్ డాన్సర్లు, జూనియర్ ఆర్టిస్టుల కాలి కొలత రాసుకోండి. ఆ కొలతకి చెప్పులు తెప్పించండి. నొస్తోందని, వద్దని ఒకమ్మాయి అంటే షాట్ ఆపి వినండి. వద్దన్నందుకు మర్నాడు ఆమెకి పిలుపు ఆగకుండా చూడండి. డాన్సర్లకి కూడా ఒక మాట. మీ సైజు కాని చెప్పు ఎవరిచ్చినా, ఇచ్చింది నేనే అయినా, వెనక్కిచ్చేయండి.